నీరు పల్లమెరుగు... మరి మన ఊరి మ్యాపు?

2020 డిసెంబరు 21న జగ్గయ్యపేట మండలం తక్కెళ్లపాడులో భూముల రీసర్వే మొదలైన నాటి నుంచి మన సంఘం సభల్లో కొలతల మాట రాని రోజు లేదు. విస్తీర్ణం తగ్గిందని ఒకరు, ముగ్గురి భూమికి కలిపి ఒకే ఎల్‌పీ నంబరు ఇచ్చారని ఇంకొకరు, హద్దురాయి పక్కచేలో పాతారని మరొకరు. రాళ్ల మీద బొమ్మలు, పాసుపుస్తకాల మీద బొమ్మలు, వాటి చుట్టూ రాజకీయాలు సరేసరి. 2023 అక్టోబరు 31 నుంచి అమల్లోకి తెచ్చిన ల్యాండ్ టైట్లింగ్ చట్టాన్ని 2024లో కొత్త ప్రభుత్వం రద్దు చేసింది. అదే ఏడాది డిసెంబరులో రెవెన్యూ సదస్సులు పెట్టి అర్జీలు తీసుకుంది. ఆ అర్జీలన్నీ తేలేదాకా మన పోరాటం సాగాల్సిందే.

అయితే ఈ గొడవలన్నీ పొడవు, వెడల్పుల గొడవలు. పొలానికి మూడో కొలత ఒకటుంది. అది ఎత్తు. ఎవరి చేను మెరక, ఎవరిది పల్లం, వాననీళ్లు ఏ గట్టు దాటి ఏ డొంకలో పడి ఏ వాగుకు చేరతాయి అన్నది ఆ కొలతే చెబుతుంది. మిరప బతకాలన్నా, పత్తికి పూత పిందె నిలవాలన్నా మనకు ముందుగా తెలియాల్సింది అదే. ఆ కొలతను మన భూముల మీదే, మన పన్నుల డబ్బుతోనే తీస్తున్నారు. దాంతో కంప్యూటర్‌లో నేల నమూనా తయారుచేస్తున్నారు. ఆ నమూనా చూసి రోడ్లు గీస్తున్నారు, రైలు కట్టలు గీస్తున్నారు, కాలువలు గీస్తున్నారు. చూడనిది మనమొక్కళ్లమే. ఆ నమూనా గ్రామసభ ముందుకు రావాలి, రైతుకు అర్థమయ్యే తెలుగులో రావాలి. ఈ వ్యాసంలో నేను అడుగుతున్నది అదే.

పాత లెక్కలో ఎత్తు లేదు

బ్రిటిషు వాళ్ల రైత్వారీ సర్వే గొలుసుతో జరిగింది. గంటర్ గొలుసు పొడవు 66 అడుగులు, అందులో 100 లింకులు. పది చదరపు గొలుసులైతే ఎకరం. ఆ కొలతలతోనే మన ఎఫ్‌ఎంబీలు తయారయ్యాయి. ఏ సర్వే నంబరు ఎఫ్‌ఎంబీ తీసి చూసినా హద్దులు, పక్క నంబర్లు ఉంటాయి. ఎత్తు మాత్రం ఉండదు. శిస్తు కట్టించుకోవడానికి విస్తీర్ణం, నేల రకం తెలిస్తే దొరలకు చాలు. నీళ్లు ఎటు పోతాయో వాళ్లకు అక్కర్లేదు.

ఎత్తుల లెక్క వేరే శాఖల చేతిలో ఉండిపోయింది. సర్వే ఆఫ్ ఇండియా, రైల్వే, నీటిపారుదల శాఖ దాన్ని తమ పనులకు వాడుకున్నాయి. వాళ్ల పనితనాన్ని తక్కువ చేయకూడదు. నాగార్జునసాగర్ కుడికాలువ 200 కిలోమీటర్లకు పైగా నడిచి పల్నాడు దాటి ప్రకాశం చేలకు నీళ్లిస్తోందంటే, ఆనాటి ఇంజనీర్లు డంపీ లెవెల్ భుజాన మోసుకుని ఎండలో మట్టాలు తీసిన ఫలితమే. కానీ ఆ లెవెల్ పుస్తకాలు ఆఫీసు బీరువాల్లోనే ఉన్నాయి. దర్శి బ్రాంచి కాలువ, అద్దంకి బ్రాంచి కాలువ కింద చివరి భూముల రైతు తన బోదె మట్టం ఎంతో కాగితం మీద ఎన్నడూ చూడలేదు.

కంప్యూటర్‌లో నేల ఎలా తయారవుతుంది

ఇప్పుడు పద్ధతి మారింది. మా మేనల్లుడు సివిల్ డిప్లొమా చదివి సర్వే పనుల్లో ఉన్నాడు. వాడి ల్యాప్‌టాప్ మీద ఈ పని రెండు మూడు సార్లు దగ్గర కూర్చుని చూశాను. పదో తరగతి లెక్కలు గుర్తున్న ఎవరికైనా అర్థమవుతుంది కాబట్టి ఉన్నదున్నట్టు చెబుతాను.

టోటల్ స్టేషన్‌తో గానీ, ఉపగ్రహాల సంకేతాలు అందుకునే రోవర్‌తో గానీ పొలంలో ఒక్కో చోట నిలబడి ఒక్కో బిందువు తీస్తారు. ప్రతి బిందువుకు మూడు అంకెలుంటాయి. తూర్పుకు ఎంత, ఉత్తరానికి ఎంత, ఎత్తు ఎంత. వేల బిందువుల జాబితాను ఆటోక్యాడ్ సివిల్ 3డి లాంటి క్యాడ్ సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కిస్తారు. క్యాడ్ అంటే కంప్యూటర్‌తో డ్రాయింగులు గీసే పద్ధతి. అది దగ్గర దగ్గరగా ఉన్న మూడేసి బిందువులను కలిపి త్రిభుజం చేస్తుంది. మూడు కర్రలు పాతి వాటి కొసల మీద గుడ్డ పరిచినట్టు ఉంటుంది. ఇలాంటి త్రిభుజాలు వేల సంఖ్యలో అతుక్కుని ఊరి నేల అంతా తెర మీద లేస్తుంది.

ఆ తర్వాత దానికి కాంటూర్లు గీయమంటే గీస్తుంది. కాంటూరు అంటే ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీత. వేసవిలో చెరువు నీళ్లు తగ్గుతున్న కొద్దీ ఒడ్డున ఒకదాని కింద ఒకటి చారలు పడతాయే, అవే కాంటూర్లు. చారలు దగ్గరగా ఉంటే వాలు ఎక్కువ, దూరంగా ఉంటే వాలు తక్కువ. ఫలానా చోట వాన పడితే నీళ్లు ఎటు జారతాయో బాణం గుర్తులతో చూపమన్నా చూపిస్తుంది. ఇక్కడ నాలుగు అడుగుల కట్ట వేస్తే ఎన్ని ఘనపు మీటర్ల మట్టి కావాలో, ఆ కట్ట వెనుక ఎంత మేర నీళ్లు నిలుస్తాయో లెక్క కట్టి చెబుతుంది.

అంటే మన చేను ఎప్పుడు మునుగుతుందో రోడ్డు వేయకముందే తెలుసుకునే సాధనం ఒకటి ఉంది. దాన్ని కట్ట మట్టి లెక్కకు, కాంట్రాక్టరు బిల్లుకు వాడుతున్నారు. మునిగే చేల లెక్కకు కూడా వాడమని మనం అడగాలి.

నమూనా ఎక్కడ తప్పుతుంది

కంప్యూటర్ చెప్పిందంటే వేదవాక్కు అని అధికారులు అనుకుంటారు. పొలం తెలిసిన మనం అలా అనుకోనక్కర్లేదు. నాకు తెలిసినంతలో ఈ నమూనా నాలుగు చోట్ల తప్పుతుంది.

మొదటిది పైరు. డ్రోన్ పైనుంచి ఫొటోలు తీస్తుంది. వాటి నుంచి లెక్కగట్టే ఎత్తు కంటికి కనిపించే పైభాగం ఎత్తు. చేలో నడుము ఎత్తు మిరప ఉంటే ఆ మిరప తలనే నేల అనుకుంటుంది. గుబురుగా పెరిగిన పత్తి చేను మెరకగా, పక్కన దున్ని ఉంచిన బీడు పల్లంగా కనిపిస్తుంది. లేజరు కిరణాలతో కొలిచే లైడార్ అయితే ఆకుల సందుల్లోంచి కొన్ని కిరణాలు నేలను తాకి వస్తాయి కాబట్టి మేలు. ఫొటోలతోనే చేసేటట్లయితే పత్తి కట్టె పీకి, మిరప కోతలు అయిపోయి, చేలు ఖాళీగా ఉండే మే నెలలో చేయాలి.

రెండోది గట్లు, కాలువలు. త్రిభుజం అనేది ఎక్కడ బిందువులుంటే అక్కడికే సాగుతుంది. కాలువకు ఈ ఒడ్డున ఒక బిందువు, ఆ ఒడ్డున ఒక బిందువు తీసి, అడుగున తీయకపోతే సాఫ్ట్‌వేర్ రెండు ఒడ్ల మీదుగా గుడ్డ పరిచేస్తుంది. తెర మీద కాలువ పూడిపోతుంది. ఇలా జరగకుండా గట్టు అంచు, కాలువ అడుగు, డొంక అంచు విడిగా గీతలుగా తీసి చెప్పాలి. ఆ ఓపిక సర్వేయరుకు ఉండాలి, అందుకు తగిన రోజులు అతనికి ఇవ్వాలి. రోజుకు ఇన్ని ఎకరాలు పూర్తి చేయాలని పైనుంచి తరిమితే ముందు ఎగిరిపోయేది ఈ పనే.

మూడోది ఆధార మట్టం. రోవర్ నేరుగా చెప్పే ఎత్తు వేరు, సముద్రమట్టం నుంచి లెక్కించే ఎత్తు వేరు. మన ప్రాంతంలో ఈ రెంటికీ 70 మీటర్లకు పైగా తేడా ఉంటుంది. సర్వేయర్లు దాన్ని సరిచేసుకుంటారు. కానీ కాలువ వాళ్లు ఒక బెంచి మార్కు, రోడ్డు వాళ్లు ఇంకో బెంచి మార్కు పట్టుకుంటే రెండు నమూనాలు ఒకదానికొకటి అతకవు. అరమీటరు తేడా వచ్చినా తూము అడుగు మట్టం మన చేను కంటే పైకి పోతుంది.

నాలుగోది అన్నిటికంటే పెద్దది. రోడ్డు సర్వే రోడ్డు మధ్యగీతకు అటూ ఇటూ ఒక పట్టీ మేరకే జరుగుతుంది. ఆ పట్టీ బయట నమూనాలో నేలే ఉండదు. మైలు దూరం నుంచి ఆ కట్ట మీదికి వచ్చే నీళ్ల సంగతి ఆ డ్రాయింగుకు తెలియదు. పాత మ్యాపులో వాగు గీత ఎక్కడుంటే అక్కడ తూము పెడతారు. మన నల్లరేగడి చేలల్లో నీళ్లు వాగు గీత పట్టుకుని నడవవు. పెద్దవాన పడితే చేను మీద చేనుగా పరుచుకుని వస్తాయి, బండ్లు తిరిగి తిరిగి లోతైన డొంకల్లో పడి పారతాయి. ఆ డొంకలో గ్రావెల్ పోసి ఎత్తు చేస్తే నీటిదారి మూసినట్టే. డొంక నీళ్లు మోస్తుందని ఏ రికార్డులోనూ ఉండదు.

నీళ్లు తూర్పుకి, కట్టలు దక్షిణానికి

పాత గుంటూరు, ప్రకాశం జిల్లాలు ఎన్ని ముక్కలైనా నేల వాలు మారలేదు. పడమట నల్లమల, పల్నాడు గుట్టలు, తూర్పున సముద్రం. చిలకలూరిపేట వైపు ఓగేరు, కుప్పగంజి వాగులు కలిసి నల్లమడగా బాపట్ల దగ్గర సముద్రానికి పోతాయి. గుండ్లకమ్మ నల్లమలలో పుట్టి కంభం, మార్కాపురం, అద్దంకి మీదుగా ఒంగోలు దగ్గర సముద్రంలో కలుస్తుంది. చిన్నవాగులన్నీ మొత్తం మీద అదే దారి.

మనం వేసుకున్న కట్టలు ఈ దారికి అడ్డంగా ఉన్నాయి. చెన్నై - కోల్‌కతా జాతీయ రహదారి ఉత్తరం నుంచి దక్షిణానికి. విజయవాడ - గూడూరు రైలు మార్గం అంతే. పిడుగురాళ్ల, వినుకొండ, దర్శి, పొదిలి, కనిగిరి మీదుగా కడుతున్న నడికుడి - శ్రీకాళహస్తి రైలు మార్గమూ అంతే. బెంగళూరు నుంచి వచ్చే కొత్త ఎక్స్‌ప్రెస్ రహదారి ప్రకాశం జిల్లాను దాటుకుని అద్దంకి దగ్గర ముప్పవరంలో పాత రహదారిని కలుస్తుంది. రోడ్లు, రైళ్లు వద్దని మనం అనడం లేదు. మిర్చి టిక్కీలు గుంటూరు యార్డుకు చేరాలన్నా రోడ్డే కావాలి. కట్ట వేసేటప్పుడు పైనుంచి వచ్చే నీటికి తగినన్ని దారులు, సరైన మట్టంలో వదలమంటున్నాం.

లెక్క చూడండి. ఎకరం అంటే 4,047 చదరపు మీటర్లు. పది సెంటీమీటర్ల వాన పడితే ఒక్క ఎకరం మీద నాలుగు లక్షల లీటర్ల నీరు. వెయ్యి ఎకరాల నీరు ఒకే చోటికి వస్తుందనుకుంటే 40 కోట్ల లీటర్లు. సగం నేల తాగింది, గుంటల్లో నిలిచింది అనుకున్నా 20 కోట్లు మిగులుతాయి. మీటరు వ్యాసం ఉన్న తూములో నీళ్లు సెకనుకు మీటరు వేగంతో నిండుగా పారితే గంటకు 28 లక్షల లీటర్లు పోతాయి. అంటే ఆ నీరంతా దిగడానికి మూడు రోజులు. తూములో పూడిక లేకపోతే, అవతల వాగు పొంగి ఎదురుతన్నకపోతే వచ్చిన లెక్క ఇది. మిరపకు అంత గడువు లేదు. వేరుకు గాలి అందక మొక్క వాడుతుంది, వెనకాలే ఎండు తెగులు అందుకుంటుంది. పత్తి ఆకు ఎర్రబారి పూత పిందె రాలుతుంది. అప్పటికి కౌలు కట్టేసి ఉంటాం, మందులు విత్తనాల బాకీ షాపులో రాసి ఉంటుంది.

మా మండలంలో ఒక లింకు రోడ్డు విషయంలో ఇదే జరిగింది. డ్రాయింగులో తూము వాగు గీత దగ్గర ఉంది. నీళ్లు వచ్చే డొంక దానికి రెండు వందల మీటర్ల అవతల ఉంది. రోడ్డు లేచిన ఏడాది అక్టోబరు వానకు డొంక పక్క మిరప చేలల్లో నాలుగు రోజులు నీళ్లు నిలిచాయి. వాటిలో ఎక్కువ కౌలు చేలే. ఇంజనీరును అడిగితే డ్రాయింగు ప్రకారమే చేశామన్నాడు. ఆ మాట నిజమే, తప్పు డ్రాయింగులోనే ఉంది. అప్పుడు ఊరి తాపీమేస్త్రీ ఒకరు మట్టం చూసే నీళ్ల పైపు తెచ్చాడు. ఇద్దరు చెరో కొస పట్టుకుని డొంక నుంచి తూము దాకా కర్రలు పాతుకుంటూ వెళ్లారు. తూము అడుగు చేను కంటే జానెడు ఎత్తున ఉందని తేలింది. కర్రల మీద సున్నం గుర్తులు చూశాక వాదించడానికి ఎవరికీ మాట లేకపోయింది. మరుసటి ఏడు డొంక దగ్గర ఇంకో తూము వేశారు. ఆ ఏడాది పోయిన పంటకు మాత్రం ఎవరూ పూచీ పడలేదు.

యాభై రూపాయల పైపు తేల్చిన సంగతి లక్షల రూపాయల సర్వేకు అందలేదు. సర్వే చేసినవాళ్లు చేతగానివాళ్లని కాదు. ఆ డ్రాయింగును పని మొదలుకాకముందే ఊరి ముందు పరిచి ఉంటే డొంక సంగతి ఏ ముసలాయనైనా నిమిషంలో చెప్పేవాడు.

పోలవరంలో ఒక గీత

కాంటూరు గీత మనుషుల బతుకుల్ని ఎలా తేలుస్తుందో తెలియాలంటే పోలవరం చూడాలి. ప్రాజెక్టు పూర్తి నీటిమట్టం 45.72 మీటర్లు, అంటే 150 అడుగులు. మొదటి దశలో 41.15 మీటర్ల మేరకు, అంటే 135 అడుగుల మేరకు నీళ్లు నిలుపుతామని, ఆ కాంటూరు లోపలి ఊళ్లకే ముందు పునరావాసం అని లెక్క తీశారు. 2022 జూలైలో గోదావరి పొంగినప్పుడు ఆ గీతకు పైన ఉన్నాయని పక్కన పెట్టిన ఊళ్లూ మునిగాయి. ఆ జనం గగ్గోలు పెట్టారు. తర్వాత లైడార్‌తో మళ్లీ సర్వే చేస్తే, మొదట లెక్కలోకి రాని ఊళ్లు కూడా 41.15 కాంటూరు కిందికే వస్తాయని తేలింది. నేల అదే, మనుషులు అదే. కొలిచే తీరు మారితే గీత జరిగింది, గీతతో పాటు పరిహారం పొందే హక్కూ జరిగింది. వాళ్లు వీధికెక్కకపోతే పాత గీతే ఖాయమయ్యేది.

మనకు దగ్గరలోనే ఇంకో ఉదాహరణ ఉంది. 2015లో అమరావతికి 33 వేల ఎకరాలకు పైగా భూమి సమీకరించారు. ఆ నేల గుండా కొండవీటి వాగు పోతుంది, కృష్ణ పొంగితే వాగు నీళ్లు దిగవు. రాజధాని మునగకూడదని మట్టాలన్నీ తీయించి, ఉండవల్లి దగ్గర 5,000 క్యూసెక్కులు ఎత్తిపోసే పథకం కట్టి 2018లో ప్రారంభించారు. వాగు వెడల్పు, కొత్త రిజర్వాయర్ల ప్రణాళికలు వేశారు. మంచిదే. అదే శ్రద్ధ నల్లమడ కింద మునిగే చేల మీద ఎందుకు లేదని అడుగుతున్నాం. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. 2025 అక్టోబరు చివర మొంథా వచ్చింది. రెండుసార్లూ అధికారులు ట్రాక్టర్ల మీద వచ్చి పంట నష్టం రాసుకున్నారు. ఏ కట్ట వెనుక నీళ్లు నిలిచాయో, ఎన్నాళ్లు నిలిచాయో మట్టాలతో సహా రాసుకుంటే వచ్చే తుపానుకు పనికొచ్చేది.

మన ఎత్తులు ఇప్పటికే వాళ్ల దగ్గర ఉన్నాయి

ఇక్కడ ఒక సంగతి గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. డ్రోన్ ఫొటోలు ఉన్నవి ఉన్నట్టు అతికిస్తే కొలతకు పనికిరావు. ఎత్తుపల్లాల వల్ల ఫొటోలో వంకర వస్తుంది. ఆ వంకర తీసి కొలతకు పనికొచ్చే చిత్రం చేయాలంటే ముందు ఎత్తుల నమూనా తయారు కావాలి. డ్రోన్ చిత్రాలతో రీసర్వే చేసిన చోటల్లా ఆ ఊరి ఎత్తుల నమూనా ఏదో ఒక రూపంలో తయారైందన్న మాటే. దాంట్లో పైరు తప్పు ఉండొచ్చు, చెట్ల తప్పు ఉండొచ్చు. అయినా సున్నా నుంచి మొదలుపెట్టాల్సిన పని లేదు. మనకు ఎల్‌పీఎం కాగితం ఇచ్చి, ఎత్తులు తమ దగ్గర ఉంచుకున్నారు.

రహస్యం, భద్రత అని సాకు చెప్పే రోజులు కూడా పోయాయి. 2021 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, భద్రతా సంస్థల రహస్య సమాచారం తప్ప, ప్రజాధనంతో తయారైన భౌగోళిక సమాచారం దేశంలోని వాళ్లకు సులువుగా అందాలి. 2022 డిసెంబరులో వచ్చిన జాతీయ జియోస్పేషియల్ విధానం 2030 నాటికి మైదాన ప్రాంతాలకు 25 సెంటీమీటర్ల స్థాయిలో ఎత్తుల నమూనా తయారుచేస్తామంటోంది. మంచి మాట. అది తయారయ్యాక కంపెనీల కంటే ముందు పంచాయతీకి రావాలి.

మనవాళ్ల భయాలు

ఈ మాట సభల్లో చెప్పినప్పుడు మన రైతులే రెండు భయాలు చెప్పారు. రెండూ తీసిపారేసేవి కావు.

ఒకటి, మా చేను పల్లమని కాగితం మీద పడితే ధర పడిపోదా, బ్యాంకు అప్పు తగ్గించదా, బీమా కంపెనీ ఎగ్గొట్టదా అని. కొనేవాడు వాన వెలిసిన మర్నాడు వచ్చి చూసుకునే కొంటాడు, వాడికి మ్యాపు అక్కర్లేదు. పల్లపు చేను రైతు ఇప్పుడు ఏ రుజువూ లేకుండా మునుగుతున్నాడు, అప్పుడు రుజువుతో డ్రైను అడగగలడు. అయినా ఈ భయం ఉత్తది కాదు. అందుకే మన డిమాండు ఇలా ఉండాలి. ఎత్తుల మ్యాపు హక్కు పత్రం కాదు, శిస్తు లెక్క కాదు, అప్పుకు బీమాకు కొలబద్ద కాదు. అది నీటిదారి కోసం మాత్రమే. ఈ మాట ప్రభుత్వ ఉత్తర్వులో రాయించుకోవాలి.

రెండోది, పైచేను వాడికీ కింది చేను వాడికీ తగాదాలు పెరుగుతాయని. తగాదాలు ఇప్పుడు లేకనా? రాత్రిపూట గట్టు తెంచేది ఒకడు, పొద్దున్నే కట్టేది ఇంకొకడు. మట్టం తెలిస్తే ఇద్దరూ కలిసి తూము అడగాల్సింది ఎవరినో తెలుస్తుంది. నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అన్నారు పెద్దలు. పల్లం ఎక్కడుందో తెలిస్తే సగం నిజం మనకూ తెలిసినట్టే.

మన డిమాండ్లు

ఒకటి. రీసర్వే జరిగిన ప్రతి ఊరికీ కాంటూరు మ్యాపు తయారుచేసి, సర్వే నంబర్లు, డొంకలు, బోదెలు, తూములు తెలుగులో గుర్తించి గ్రామ సచివాలయం దగ్గర, రైతు సేవా కేంద్రం దగ్గర పెట్టాలి.

రెండు. రోడ్డు గానీ రైలు కట్ట గానీ వేసేముందు, కట్ట లేనప్పుడు నీళ్లు ఎలా పోతున్నాయో, వేశాక ఎలా పోతాయో చూపే రెండు డ్రాయింగులు గ్రామసభలో పరచాలి. సర్వే ఆ పట్టీతో ఆగకుండా పైనుంచి నీళ్లొచ్చే నేలంతటికీ జరగాలి. పొలం దున్నేవాడు కౌలు రైతైతే ఆ సభలో అతని మాటకూ అంతే విలువ ఉండాలి.

మూడు. నల్లమడ లాంటి డ్రైన్లలో పూడిక తీసిన ప్రతిసారీ అడుగు మట్టం ముందు ఎంత, తర్వాత ఎంత అన్నది కొలిచి బయట పెట్టాలి. పూడిక బిల్లులకు మనం అడగాల్సిన లెక్క ఇదే.

నాలుగు. సాగర్ కుడికాలువ బ్రాంచీలు, మేజర్లు, మైనర్ల మట్టాలు నీటి వినియోగదారుల సంఘాలకు ఇవ్వాలి. 1997 చట్టం కింద ఏర్పడి, 2024 డిసెంబరులో మళ్లీ ఎన్నికలు జరిగిన సంఘాలివి. మట్టం తెలియకుండా చివరి భూములకు నీళ్లెందుకు అందడం లేదో అవి ఎలా తేలుస్తాయి?

ఐదు. రోడ్డు, రైలు, నీటిపారుదల శాఖలు ఒకే ఆధార మట్టం వాడాలి. ప్రతి ఊళ్లో ఒక బెంచి మార్కు రాయి వేసి దాని మీద ఎత్తు చెక్కాలి.

ఈలోగా మనం చేయగలిగింది

జాతీయ రహదారికి భూమి తీసుకునేటప్పుడు 3ఏ నోటిఫికేషన్ వచ్చిన 21 రోజుల్లో అభ్యంతరాలు ఇవ్వవచ్చు. 2013 భూసేకరణ చట్టంలోని సామాజిక ప్రభావ అంచనా ఈ రహదారులకు వర్తించదు కాబట్టి మనకున్న గడువు ఆ 21 రోజులే. మనవాళ్లు అందులో ధర గురించే రాస్తారు. నీటిదారి గురించి, మిగిలిన చేలు మునగడం గురించి కూడా రాయండి. రాసిందే తర్వాత కోర్టులో ఆధారం.

సమాచార హక్కు చట్టం కింద డ్రాయింగులు అడగండి. గ్రామ స్థాయిలో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబివ్వాలి. సమాచారాన్ని కంప్యూటర్ ఫైలుగా కోరే హక్కు చట్టంలోని 2(జె) సెక్షన్‌లో ఉంది. కాగితం జిరాక్సు ఇస్తే దాంట్లో అంకెలు కనపడవు. బిందువుల జాబితా, క్యాడ్ ఫైలు కావాలని స్పష్టంగా రాయండి.

ఆ ఫైలు తెరవడానికి మన ఊళ్లల్లో పిల్లలు ఉన్నారు. సివిల్ డిప్లొమా, ఇంజనీరింగు చదివి గుంటూరు, ఒంగోలులో క్యాడ్ కోర్సు చేసి ఉద్యోగం కోసం చూస్తున్నవాళ్లు ప్రతి మండలంలోనూ ఉన్నారు. పైసా ఖర్చు లేకుండా దొరికే క్యూజీఐఎస్ లాంటి సాఫ్ట్‌వేర్లు కూడా ఉన్నాయి. ప్రతి మండల కమిటీ అలాంటి ఇద్దరిని పట్టుకోవాలి. వాళ్లకు మనం పొలం చూపించాలి, వాళ్లు మనకు తెర చూపించాలి.

చివరిగా, ఖర్చు లేని పని ఒకటి. ఈసారి పెద్దవాన పడి నీళ్లు నిలిచినప్పుడు, అవి దిగకముందే కరెంటు స్తంభం మీద, తూము గోడ మీద నీటి అంచున రంగుతో గీత పెట్టండి. తేదీ వేయండి, సెల్‌ఫోన్‌తో ఫొటో తీయండి, నీళ్లు ఏ రోజు దిగాయో రాసిపెట్టండి. ఏ కంప్యూటర్ నమూనానైనా సరిచూడటానికి అంతకు మించిన రుజువు లేదు. ఊరికి పది గీతలు చొప్పున జిల్లా అంతా కూడితే, ఏ కట్ట మనల్ని ముంచుతోందో చెప్పే మ్యాపు మన చేతిలోనే ఉంటుంది. తొలకరికి ముందే మండల కమిటీలు సమావేశమై, తమ పరిధిలో నీటికి అడ్డంగా ఉన్న కట్టల జాబితా రాసి జిల్లా కమిటీకి పంపాలని కోరుతున్నాను.